గోపాలపూర్ క్లైమోగ్రాఫ్: జులైలో గీత ఎందుకు దిగింది?

అమ్మా, గుణుపురం బడిలో తొమ్మిదో తరగతి పిల్లల ముందు ఒడిశా తీరంలోని గోపాలపూర్ క్లైమోగ్రాఫ్ (నెలనెలా ఉష్ణోగ్రతను గీతగా, వర్షాన్ని నిలువు కమ్మీలుగా చూపే పటం) పెట్టగానే ప్రశ్నలు కురిశాయని రాశారు. జులైలో సూర్యుడు మన నెత్తిమీదే ఉంటాడు కదా, ఉష్ణోగ్రత గీత ఎందుకు దిగింది? మే నెలలో ఒళ్లు మాడిపోతుంటే గీత 30 దగ్గరే ఎందుకు ఆగింది? అక్టోబరులో రుతుపవనాలు వెళ్లిపోతాయని పాఠంలో ఉంటే, ఆ నెల కమ్మీ అంత ఎత్తు ఎందుకుంది? చివరిది మీ సొంత ప్రశ్న: గుణుపురం పేరుతోనే రెండు వెబ్‌సైట్లలో రెండు రకాల పటాలు కనిపిస్తున్నాయి, దేన్ని నమ్మాలి? బరంపురంలో చాలా ఏళ్లు ఇదే పాఠం చెప్పినవాణ్ని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా మీ పిల్లలను మెచ్చుకోవాలి. గీతను ఒకసారి, కమ్మీలను ఒకసారి విడివిడిగా చదివి అంకెలు రాసుకునే తరగతిలో ఇలాంటి ప్రశ్నలు పుట్టవు. రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లే ఇవి అడుగుతారు. క్లైమోగ్రాఫ్‌లో ఉష్ణోగ్రతనూ వర్షాన్నీ ఒకే పటంలో గీసేది అందుకోసమే.

జులై సంగతి చూద్దాం. గోపాలపూర్ పక్కనే ఉన్న బరంపురం సుమారు 19.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకూ కర్కాటక రేఖకూ మధ్య ఉన్న ఏ ఊరికైనా సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. మనకు మొదటిసారి మే మధ్యలో, ఆయన ఉత్తరానికి వెళుతున్నప్పుడు. రెండోసారి జులై చివరి వారంలో, తిరిగి దక్షిణానికి దిగుతున్నప్పుడు. కాబట్టి మీ విద్యార్థి అన్నది అక్షరాలా నిజం. సూర్యుడి ఎత్తును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మే మధ్యకూ జులై చివరకూ తేడా ఉండకూడదు.

తేడా తెచ్చేది మేఘం, తడి. మేలో ఎండకు అడ్డు లేదు, నేల ఎండి ఉంటుంది. పడిన వేడంతా నేలకూ, నేల నుంచి గాలికీ చేరుతుంది. జులైలో అదే సూర్యుడి కింద రుతుపవన మేఘాలు కమ్ముకుని ఉంటాయి. వాటిని దాటుకుని వచ్చిన వేడిలో కూడా పెద్ద భాగం మడుల్లో, చెరువుల్లో, ఆకుల మీద ఉన్న నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. గాలిని వేడెక్కించడానికి మిగిలేది కొద్దిగానే. అందుకే గీత మేలో శిఖరానికి చేరి, కమ్మీలు లేవడం మొదలుకాగానే దిగుతుంది. గీత శిఖరం ముందు, కమ్మీల శిఖరం వెనుక: ఈ వరుస కనిపిస్తే, ఊరి పేరు దాచిపెట్టినా అది ఉత్తరార్ధ గోళపు రుతుపవన ప్రాంతమని పిల్లలు పోల్చుకోగలరు. రోమ్ నగరపు పటం పక్కన పెట్టి చూపించండి. అక్కడ గీత ఎత్తుగా ఉన్న వేసవి నెలల్లోనే కమ్మీలు కుంగిపోయి ఉంటాయి. వానలు శరత్తులో, చలికాలంలో పడతాయి.

అయితే గోపాలపూర్ విషయంలో ఇంకొకటి చెప్పాలి. మీరు పంపిన పటంలో ఉష్ణోగ్రత అక్షం 20తో మొదలై 32తో ముగిసింది. అందుకే జనవరి నుంచి మే వరకు గీత కొండెక్కుతున్నట్టు, జులైలో లోయలోకి దిగినట్టు కనిపిస్తోంది. అదే గీతను 0 నుంచి 40 వరకు ఉన్న అక్షం మీద మళ్లీ గీయించండి. దాదాపు చదునుగా, మధ్యలో చిన్న వంపుతో వస్తుంది. గోపాలపూర్‌లో మే, జులై నెలల సగటుకు ఉన్న తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. సముద్రం పక్కనే ఉండటంతో మేలో గాలి ఎక్కువ వేడెక్కదు, ఎక్కనిది దిగేదెక్కడ? కంప్యూటర్ తనంతట తాను అక్షాన్ని ఎంచుకుంటే గీతను కాగితం నిండా సాగదీస్తుంది. పటం చేతికి రాగానే గీత కంటే ముందు రెండు పక్కల అంకెలు చూడటం పిల్లలకు అలవాటు చేయండి. ఎడమ అక్షం దేనిది, కుడి అక్షం దేనిది అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరు.

దిగుడు నిజంగా ఎలా ఉంటుందో చూపాలంటే మహారాష్ట్ర సరిహద్దుకు, చంద్రాపూర్‌కు వెళ్లాలి. మనవాళ్లు చాందా అని పిలిచే ఊరే. అక్షాంశంలో బరంపురానికి పెద్ద తేడా లేదు, 20 డిగ్రీలకు కాస్త తక్కువ. జనవరిలో రెండు ఊళ్ల సగటు గీతలూ దాదాపు ఒకే ఎత్తులో బయలుదేరుతాయి. మే వచ్చేసరికి చంద్రాపూర్ పగటి గరిష్ఠాల సగటు 43 డిగ్రీల దగ్గర ఉంటుంది, జులైలో అది పది డిగ్రీలకు పైగా పడిపోతుంది. అటు గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న సిరొంచ తెలుగువాళ్లకు ఈ దిగుడు గురించి ఎవరూ పటం చూపించి చెప్పనక్కర్లేదు.

ఇక మే నెల 30 డిగ్రీలు. క్లైమోగ్రాఫ్‌లోని గీత చాలావరకు నెలసరి సగటు ఉష్ణోగ్రతది, పగటి ఎండది కాదు. నెలలో ప్రతి రోజూ గరిష్ఠ ఉష్ణోగ్రతను, కనిష్ఠ ఉష్ణోగ్రతను నమోదు చేస్తారు. గరిష్ఠాల సగటు, కనిష్ఠాల సగటు కలిపి రెండుతో భాగిస్తే గీత మీద ఒక చుక్క వస్తుంది. తీరంలో మే పగళ్లు సగటున 33, రాత్రులు 27 అనుకుంటే చుక్క 30 మీద పడుతుంది. లోపలి ఊరు ఒకదానిలో పగలు 38, రాత్రి 22 ఉన్నా చుక్క అదే 30 మీదే పడుతుంది. పటంలో రెండూ ఒకటే. మొదటి ఊళ్లో రాత్రంతా విసనకర్ర ఆగదు, రెండో ఊళ్లో తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటారు. కాబట్టి వీలైతే ఒకే గీత ఉన్న పటం బదులు గరిష్ఠానికి ఒకటి, కనిష్ఠానికి ఒకటి, రెండు గీతలు ఉన్న పటం వాడండి. రెండు గీతల మధ్య ఎడం తీరానికి దగ్గరయ్యేకొద్దీ ఇరుకవుతుంది. లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, వానాకాలంలో మాత్రం అక్కడా ఇరుకవుతుంది. అక్టోబరులో మేఘాలు తొలగిపోగానే లోపలి ఊళ్లలో పగలు మళ్లీ ఎండ కాస్తుంది, రాత్రులు చల్లబడటం మొదలవుతుంది. సగటు గీత మీద ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కనిపించకుండా పోతాయి.

ఉష్ణోగ్రత తీసేది నీడలో అన్నది కూడా చెప్పాలి. తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున ఉష్ణమాపకం ఉంటుంది. దాన్నే స్టీవెన్‌సన్ తెర అంటారు. బస్టాండులో సిమెంటు నేల మీద నిలబడ్డవాడికి తగిలే వేడి అందులో ఉండదు. గాలిలో తేమ కూడా ఈ పటంలో లేదు. గోపాలపూర్‌లో 33 డిగ్రీలకే చొక్కా తడిసి ముద్దవుతుంది, చెమట ఆరదు. ఆ ఉక్క గురించి పటాన్ని అడిగి లాభం లేదు, దానికి తేమ లెక్కలు వేరే చూడాలి.

అక్టోబరు ప్రశ్నకు నేను ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే సగటు అంటే ఏమిటో పిల్లలకు ఒంటబట్టేది ఇక్కడే.

పాఠంలో ఉన్నది తప్పు కాదు. నైరుతి రుతుపవనాలు మన ప్రాంతం నుంచి అక్టోబరులో వెనుదిరుగుతాయి. కానీ అప్పటికి బంగాళాఖాతం ఇంకా వెచ్చగానే ఉంటుంది. అల్పపీడనాలు వాయుగుండాలుగా, వాయుగుండాలు తుపాన్లుగా బలపడటానికి అక్టోబరు, నవంబరు అనువైన నెలలు. మన తీరం చరిత్రే చూడండి. 1999 అక్టోబరు 17, 18 తేదీల నాటి తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అదే నెల 29న మహా తుపాను పారాదీప్ వైపు ఒడిశాను ముంచేసింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి, రాయగడ కొండల మీద కుండపోతగా కురిసింది. వంశధార ఎలా పొంగిందో గుణుపురంలో ఉన్న మీకు నేను చెప్పాలా?

ఇవన్నీ 1991 నుంచి 2020 వరకు ఉన్న 30 ఏళ్లలోనే వచ్చాయి. క్లైమోగ్రాఫ్‌లో వాడే సాధారణ విలువలు ఇలాంటి 30 ఏళ్ల సగటులే. మునుపు 1961–1990, ఆ తర్వాత 1981–2010, ఇప్పుడు 1991–2020. కాబట్టి అక్టోబరు కమ్మీ ఎత్తులో ప్రతి ఏటా పడే వాన కొంత, ఏ నాలుగైదేళ్లకో వచ్చే తుపాను వాన కొంత కలగలిసి ఉంటాయి. పటంలో వాటిని విడదీసే వీలు లేదు.

గణితం టీచరుతో కలిసి ఈ లెక్క చేయించండి. ఇవి ఊహించిన అంకెలు, ఏ ఊరివీ కావు. పదేళ్ల అక్టోబరు వర్షపాతం మిల్లీమీటర్లలో 60, 70, 80, 90, 100, 110, 120, 130, 420, 520 అనుకోండి. మొత్తం 1700, సరాసరి 170. పటంలో కమ్మీ 170 ఎత్తున నిలుస్తుంది. కానీ పదేళ్లలో 170కి దగ్గరగా కురిసిన అక్టోబరు ఒక్కటీ లేదు! ఎనిమిదేళ్లు అంతకంటే తక్కువ, రెండేళ్లు అంతకు రెట్టింపుకు మించి. మధ్యగతం, అంటే అంకెలను వరుసగా పేర్చితే నట్టనడుమ పడే విలువ, తీస్తే 105 వస్తుంది. రైతు అడిగేది ఈ 105నే. పొట్ట దశలో ఉన్న వరికి ఈ ఏడు అక్టోబరులో నీరు అందుతుందా అని లెక్క వేసుకునేవాడు 170 చూసి ధైర్యపడితే పదిలో ఎనిమిదిసార్లు నష్టపోతాడు. వంతెన ఎంత ఎత్తున కట్టాలో తేల్చే ఇంజనీరుకు 105 కూడా పనికిరాదు, 170 కూడా పనికిరాదు, ఆయనకు కావలసింది 520. ఒకే నెల, ఒకే ఊరు, ముగ్గురికి మూడు అంకెలు. పదో తరగతిలో మధ్యగతం ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు దీనికంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఇదే కోణంలో జులై కమ్మీని చూడమనండి. జులైలో ప్రతి ఏటా అంతో ఇంతో వాన పడుతుంది. హెచ్చుతగ్గులున్నా అక్టోబరు అంత విపరీతంగా ఉండవు. పక్కపక్కన ఉన్న రెండు కమ్మీలు ఒకే ఎత్తున ఉన్నా ఒకదాని మీద ఆనుకోవచ్చు, రెండోదాని మీద ఆనుకోలేం. చంద్రాపూర్ పటంలో అక్టోబరు కమ్మీ బాగా పొట్టిగా ఉంటుంది. బంగాళాఖాతం తుపాన్లు అంత దూరం వెళ్లేసరికి నీరసిస్తాయి. అక్కడ ఏడాది వానలో అధిక భాగం జూన్–సెప్టెంబరు మధ్యే పడిపోతుంది.

నెల అనే కొలత గురించి ఒక మాట. వాతావరణం క్యాలెండరు చూసుకుని మారదు. మన పెద్దలు కార్తెలతో లెక్కపెట్టుకున్నారు. ఒక్కో కార్తె 13, 14 రోజులు, అంటే క్యాలెండరు నెలలో సగం కంటే కాస్త తక్కువ. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాటే వరకు ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తుంది, దానికి ముంగిళ్లు చల్లబడతాయంటారు. ఒడిశా తీరానికి రుతుపవనాలు మామూలుగా చేరేది ఆ కార్తెలోనే. ఇప్పుడు పటంలో జూన్ వైపు చూడండి. మొదటి వారంలో రోళ్లు పగిలే ఎండా, చివరి వారంలో ఆరుద్ర వానా ఒకే చుక్కగా, ఒకే కమ్మీగా కలిసిపోయాయి. నారు ఎప్పుడు పోయాలో ఆ కమ్మీ చెప్పలేదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి కార్తెల వారీగా వాన ఎలా ఉంటుందో పిల్లలతో రాయించి, పటం కిందే ఇంకో వరుసగా అంటించండి. రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

మిల్లీమీటరు అంటే పిల్లలకు స్కేలు మీది గీత తప్ప ఏమీ తోచదు. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు పోస్తే అది 1 మిల్లీమీటరు వాన. ఎకరం సుమారు 4047 చదరపు మీటర్లు, అంటే ఎకరానికి 1 మిల్లీమీటరు వాన దాదాపు 4 వేల లీటర్లు. 200 మిల్లీమీటర్ల కమ్మీ అంటే ఎకరానికి 8 లక్షల లీటర్ల పైచిలుకు. బడి ఆవరణలో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చదరం గీసి ఒక లీటరు నీరు పోసి చూపండి, ఆ తర్వాత లెక్కలు వాళ్లే చేసుకుంటారు. ఆ 200 మిల్లీమీటర్లు ఎన్ని రోజుల్లో పడ్డాయో కమ్మీ చెప్పదు. నాలుగు రోజుల్లో పడితే వరద, పదిహేను రోజుల్లో పడితే పంట. భారత వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు, ఆ పైన కురిసిన రోజునే వర్షపు రోజుగా లెక్కిస్తుంది. నెలనెలా ఆ సంఖ్య దొరికితే ప్రతి కమ్మీ నెత్తిన రాయించండి. వానను కొలిచేది ఉదయం ఎనిమిదిన్నరకు. అంతకుముందు 24 గంటల్లో కురిసిందంతా ఆ తేదీ కిందకే వస్తుంది. కాబట్టి సెప్టెంబరు 30 రాత్రి పడిన వాన అక్టోబరు కమ్మీలోకి చేరుతుంది.

ఏ నెల పొడి నెల అన్న ప్రశ్న పరీక్షల్లో తరచూ వస్తుంది. గోసెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి సూత్రం సులువైనది: మిల్లీమీటర్లలో వర్షపాతం, డిగ్రీల్లో సగటు ఉష్ణోగ్రతకు రెట్టింపు కంటే తక్కువైతే అది పొడి నెల. సగటు 25 డిగ్రీలున్న నెలకు 50 మిల్లీమీటర్లు కూడా రాకపోతే పొడి కిందే లెక్క. అందుకే కొన్ని పుస్తకాల్లో ఉష్ణోగ్రత అక్షం మీది 10కి ఎదురుగా వర్షపు అక్షం మీద 20 ఉండేలా గీస్తారు. అలాంటి పటంలో వర్షం ఉష్ణోగ్రత గీతకు పైకి లేస్తే తడి, కిందకు దిగితే పొడి. అక్షాలు అలా జత కుదిరి ఉంటేనే ఈ చూపు పనిచేస్తుంది. మీరు పంపిన పటంలో కుదరలేదు, కనుక దాని మీద ఈ ప్రశ్న వేయకండి.

ఇప్పుడు మీ రెండు వెబ్‌సైట్లు. చాలా సైట్లు ఊరి పేరు కొట్టగానే పటం ఇస్తాయి, కానీ ఆ ఊళ్లో ఎవరూ ఏమీ కొలిచి ఉండకపోవచ్చు. దేశాన్ని పాతిక, ముప్పై కిలోమీటర్ల గడులుగా కోసి, ఒక్కో గడికి కంప్యూటర్ నమూనాతో ఒక అంచనా వేస్తారు. మైదానంలో ఇది పెద్దగా చిక్కు పెట్టదు. గుణుపురం వంశధార లోయలో, కొండల మధ్య ఉన్న ఊరు. మీ గడిలో లోయ, కొండలు కలిసి ఒకే సగటు ఎత్తుగా మారతాయి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గడి సగటు ఎత్తు మీ ఊరి కంటే మూడు వందల మీటర్లు ఎక్కువైతే, పటంలోని గీత మీ ఊరి వేడి కంటే రెండు డిగ్రీలు కిందకు జారినట్టే. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ గీత గోపాలపూర్ గీత కంటే ఏడాది పొడవునా కిందే ఉండటానికి ప్రధాన కారణం కూడా ఈ ఎత్తే. వాన కొండకు ఇటువైపు ఒకలా, అటువైపు ఒకలా పడుతుంది, గడిలో అదీ కలిసిపోతుంది.

అందువల్ల ప్రతి పటానికీ మూడు సంగతులు అడగాలి: కొలిచిన కేంద్రం ఏది, ఎంత ఎత్తున ఉంది, ఏ సంవత్సరాల సగటు. మీ రెండు సైట్లలో మొదటిది ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పలేదు, పక్కన పెట్టేయండి. రెండోది గడి అంచనా అనీ, 1991–2020 అనీ స్పష్టంగా రాసింది. ఉష్ణోగ్రతకు దాన్ని వాడుకోవచ్చు, అయితే గడి ఎత్తు చూసి పైన చెప్పినట్టు సవరించుకోవాలి. వానకు మాత్రం ఆ సైటు వద్దు. ఒడిశాలో వర్షపాతం బ్లాకు స్థాయిలో నమోదవుతుంది. గుణుపురం బ్లాకు అంకెలు వీలైనన్ని ఏళ్లవి సంపాదించి, సరాసరిని కమ్మీగా, మధ్యగతాన్ని దాని మీద అడ్డగీతగా పిల్లలతోనే గీయించండి. గీసిన పటం కింద ‘వర్షం: బ్లాకు వర్షమాపకం, ఫలానా ఏళ్లు, ఉష్ణోగ్రత: గడి అంచనా, ఎత్తుకు సవరించినది’ అని రెండు ఆధారాలూ విడివిడిగా రాయించడం మరిచిపోకండి.